అటకెక్కిన బ్యాటరీ

వానాకాలంలో పాత ఆదిలాబాద్ జిల్లా జైనూర్ చుట్టుపక్కల పత్తి చేలల్లోకి వెళ్తే సన్నగా ఒక మోత వినిపిస్తూ ఉంటుంది. అది చార్జింగ్ పంపుది. వీపు మీద 16 లీటర్ల మందునీళ్లు, ట్యాంకు అడుగున రెండున్నర కిలోల దాకా బరువుండే చిన్న నల్లటి బ్యాటరీ. 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్లు అని దాని మీద రాసి ఉంటుంది. ఒక చేత్తో గొట్టం పట్టుకుని ఇంకో చేత్తో పొద్దంతా పిడి ఆడించిన మనుషులకు అది ఇచ్చిన సుఖం అంతా ఇంతా కాదు.

ఆ సుఖం ఒకటి రెండు సీజన్లకే ముగుస్తుంటుంది. తొలకరి తర్వాత పంపు కిందికి దించి చార్జింగ్ పెడతారు. ఎర్ర లైటు పచ్చగా మారుతుంది. తీరా చేనుకు పోయాక, "రాత్రంతా పెట్టిన అన్నా, రెండు పంపులు కొట్టంగనే బందైతుంది" అని రిపేరు దుకాణానికి వస్తారు. కొత్త బ్యాటరీ వేయించుకుని పోతారు. పాతది పని చేసీ చేసీ అరిగిపోయిందని అందరూ అనుకుంటారు. నేను అలా అనుకోను. చాలా వరకు ఈ బ్యాటరీలు పనిలో చావవు, పని లేని ఆరు నెలల్లో చస్తాయి. ఈ సీసపు బ్యాటరీ కథ మొదటి నుంచి చెప్పుకుంటే కారణం తెలుస్తుంది.

1859లో గాస్టన్ ప్లాంటే అనే పాతికేళ్ల ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగలకుండా చుట్టగా చుట్టి, నీళ్లు కలిపిన గంధకామ్లంలో ముంచాడు. కరెంటు ఎక్కించాడు, తిరిగి తీశాడు, మళ్లీ ఎక్కించాడు. మళ్లీ మళ్లీ నింపుకునే బ్యాటరీ అలా పుట్టింది. అప్పటికి వాడకంలో ఉన్నవన్నీ రసాయనం అయిపోతే పారేయాల్సినవో, కొత్తగా పోసుకోవాల్సినవో. అయితే ప్లాంటే రేకులు బాగా పని చేసే స్థితికి రావాలంటే నెలల తరబడి ఎక్కించి దించాలి. 1881లో కామిల్ ఫోర్ సీసపు ఆక్సైడును ముద్దలా చేసి పలకలకు పట్టించడంతో ఆ బాధ తప్పింది, కార్ఖానాల్లో తయారీకి దారి పడింది. చిత్తూరు జిల్లాలో గల్లా రామచంద్రనాయుడు 1985లో మొదలుపెట్టిన అమరరాజా సంస్థ అమ్మిన సీసపు బ్యాటరీల్లోనూ, మన పంపు అడుగునున్న డబ్బాలోనూ అదే ముద్ద, అదే ఆమ్లం.

సీసమే ఎందుకని అడిగితే 2011లో వచ్చిన జవాబు నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. స్వీడన్, ఫిన్లండ్ శాస్త్రవేత్తలు లెక్క కట్టి చూశారు. సీసపు పరమాణువు బాగా బరువైనది. దాని కేంద్రకానికి దగ్గరగా తిరిగే ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంలో సగానికి పైగా ఉంటుంది. అంత వేగంలో ఐన్‌స్టీన్ సాపేక్షత సిద్ధాంతం చెప్పిన మార్పులు వస్తాయి. ఒక సెల్లు ఇచ్చే 2.1 వోల్టుల్లో 1.7 నుంచి 1.8 వోల్టుల వరకు ఆ మార్పుల పుణ్యమే. అందుకే సీసానికి రసాయనంగా దగ్గరి చుట్టమైన తగరంతో ఇలాంటి బ్యాటరీ కుదరదు. జైనూర్ చేలో పంపు తిరుగుతోందంటే ఐన్‌స్టీన్ కూడా ఓ చెయ్యి వేస్తున్నట్టే.

ఇక చావు సంగతి. పంపు నడుస్తున్నంతసేపూ రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం పలచబడి నీళ్లవుతుంది. చార్జింగ్ పెడితే ఆ సల్ఫేటు కరిగి ఆమ్లంలోకి తిరిగి పోతుంది. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు సన్నగా ఉంటుంది కనుక సులువుగా కరుగుతుంది. వారాలు, నెలలు అలాగే వదిలేస్తే తేమ తగిలిన ఉప్పు గడ్డకట్టినట్టు పెద్ద స్ఫటికాలై పలకలకు అతుక్కుపోతుంది. అవి కరెంటును పోనివ్వవు. తర్వాత ఎంతసేపు చార్జింగ్ పెట్టినా పలకలో కొంత భాగానికే అందుతుంది. పచ్చలైటు తొందరగా వెలగడం బ్యాటరీ నిండిందనడానికి గుర్తు కాదు, లోపల నింపుకునే చోటు తగ్గిందనడానికి గుర్తు.

పత్తి సీజను దీనికి సరిగ్గా సరిపోతుంది. చివరి మందు నవంబర్ ప్రాంతంలో పడుతుంది. ట్యాంకు కడిగి, సగం దిగిన బ్యాటరీతోనే పంపును అటక మీద పెడతారు. ఏ పనీ చేయకపోయినా సీసపు బ్యాటరీ తనంతట తాను దిగుతూనే ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర నెలకు సుమారు 3 శాతం, ప్రతి పది డిగ్రీలకూ దాదాపు రెట్టింపు. పాత ఆదిలాబాద్ జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రేకుల కప్పు కింద అటక ఇంకెంత కాగుతుందో చెప్పక్కర్లేదు. మళ్లీ జూన్ దాకా ఎవరూ దాని మొహం చూడరు.

ఆఖరి మందు కొట్టిన రోజే నిండా చార్జింగ్ పెట్టి, వైరు ఊడదీసి, ఇంట్లో చల్లగా ఉండే మూలన పెడితే చాలా వరకు కాపాడినట్టే. నెలకోసారి మళ్లీ నింపాలి. ఈ ఒక్క పనికి సాటిరాగల మందు దుకాణంలో లేదు. నిండాక తనంతట తాను ఆగని నాసిరకం చార్జరుకు రోజుల తరబడి తగిలించి వదిలేయడం కూడా తప్పే. లోపలి నీరు ఆవిరై డబ్బా ఉబ్బుతుంది. పంపు బ్యాటరీ మూత బిగించిన రకం. 1970ల మొదట్లో అమెరికాలోని గేట్స్ కంపెనీలో జాన్ డెవిట్, డొనాల్డ్ మెక్‌లెలండ్ రూపొందించిన పద్ధతి ఇందులో ఉంది. ఆమ్లాన్ని గాజునూలు పొరలు పీల్చుకుని పట్టుకుంటాయి, చార్జింగ్‌లో పుట్టే ఆక్సిజన్ ఆ పొరల గుండా అవతలి పలకకు చేరి తిరిగి నీరవుతుంది. వీపు మీద ఎటు వంగినా ఆమ్లం ఒలకదు. కానీ ఒకసారి ఆవిరైన నీటిని మనం పోసే వీలు మాత్రం లేకుండా పోయింది.

పరీక్ష ఎలా చేయాలో కూడా చూద్దాం. నిండా చార్జింగ్ పెట్టి, తీసేసి, ఒక రాత్రి ఊరికే ఉంచాలి. చార్జరు తీసిన వెంటనే చూస్తే మీటరు ఎక్కువ చూపి మోసం చేస్తుంది. పొద్దున మల్టీమీటరు పెడితే 12.7 పైన ఉండాలి. పదిన్నర దగ్గరే ఆగిపోతే లోపలున్న ఆరు సెల్లుల్లో ఒకటి పోయిందన్నమాట, దానికిక వైద్యం లేదు. 12.7 కనిపించినంత మాత్రాన నమ్మేయకూడదు. సల్ఫేటు గడ్డకట్టిన పలకలు కూడా పంపు నడపనప్పుడు ఆ అంకె చూపించగలవు. ట్యాంకులో మంచినీళ్లు పోసి, మీటరు తీయకుండానే స్విచ్ వేసి ట్రిగ్గరు నొక్కాలి. మంచి బ్యాటరీ కొద్దిగా తగ్గి 12 పైనే నిలబడుతుంది. చెడ్డది చూస్తుండగానే 11, 10 అంటూ జారిపోతుంది. మీటరు లేకపోతే కొత్తలో ఒక చార్జింగుకు ఎన్ని పంపులు వచ్చేవో, ఇప్పుడెన్ని వస్తున్నాయో చూసుకుంటే చాలు. సగానికి పడితే మార్చేయడమే మేలు.

స్టేషన్లలో ముసలివాళ్లను ఎక్కించుకుని తిరిగే బ్యాటరీ కార్లకు, గోల్ఫ్ బండ్లకు కూడా ఇదే పరీక్ష. వాటిలో 8 వోల్టుల బ్యాటరీలు ఆరు వరసగా కలిపి 48 వోల్టులు చేస్తారు, లేదా 12 వోల్టులవి నాలుగు. అక్కడ ఒక్కటి బలహీనపడితే బండంతా దాని వేగానికే దిగుతుంది. పోయినదొక్కటే మార్చి మిగతా పాతవి ఉంచితే, చార్జింగులో కొత్తదానికీ పాతవాటికీ పొత్తు కుదరక కొత్తది కూడా ముందే పాడవుతుంది. పాతబడ్డ వరసయితే అన్నీ కలిపే మార్చాలి.

పంపుకు కొత్తది కొనేటప్పుడు మీటరు పట్టుకెళ్లడం మంచిది. దుకాణం అరలో ఏడాదిగా ఉన్న బ్యాటరీకీ అటక మీది బ్యాటరీకీ పట్టే జబ్బు ఒకటే. తయారీ నెల చూడండి, 12.5 కంటే తక్కువ చూపిస్తే ఇంకోటి ఇమ్మనండి. పాతది అక్కడే ఇచ్చేయండి. వాడిన బ్యాటరీని అమ్మకందారు వెనక్కి తీసుకోవాలని 2001లోనే నియమాలు వచ్చాయి, 2022 నియమాలు ఆ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. దాన్ని ఇంటి దగ్గర పగలగొట్టి సీసం కరిగించడం మాత్రం వద్దే వద్దు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో హాని చేసేంత సీసం ఉందని యునిసెఫ్ 2020లో చెప్పింది. దానికి పెద్ద కారణాల్లో పాత బ్యాటరీలను ఇష్టమొచ్చినట్టు కరిగించడం ఒకటి.

ఇప్పుడు లిథియం బ్యాటరీ పంపులు వస్తున్నాయి. వీపు బరువు తగ్గుతుంది, ఆయుష్షూ ఎక్కువే. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్లుల కార్ఖానాకు 2023లో శంకుస్థాపన జరిగింది. పాత పంపులో లిథియం వేయించుకునేవాళ్లు చార్జరు కూడా దానికి తగినదే తీసుకోవాలి, సీసపు బ్యాటరీ చార్జరు పెట్టకూడదు. పని లేని నెలల్లో దాచిపెట్టేటప్పటి లెక్క కూడా మారిపోతుంది. సీసాన్ని నిండుగా ఉంచాలి, లిథియాన్ని సుమారు సగం చార్జింగుతో ఉంచి వైరు తీసేయాలి.