దూరవైద్యమును గూర్చి ఎచ్చట వెదకవలెను?

వైద్యుడొక చోట, రోగి మరియొక చోట ఉండగా టెలిఫోను ద్వారా గాని, వీడియో ద్వారా గాని జరుగు వైద్యమునకు దూరవైద్యమని పేరు. ఇంగ్లీషువారు దీనినే టెలిమెడిసిన్ అందురు. మన దేశమునకు ఇది నిన్న మొన్న వచ్చినది కాదు. చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామమున 2000 సంవత్సరముననే అపోలో సంస్థవారు దూరవైద్య కేంద్రమును నెలకొల్పిరి. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2019 నవంబరులో ఈ-సంజీవని సేవను ప్రారంభించెను. కోవిడ్ వలన ఆసుపత్రులకు పోవుట కష్టమైన 2020 ఏప్రిల్ నెలలో, రోగి తన ఇంటినుండియే వైద్యునితో మాటలాడు ఏర్పాటు ఆ సేవకు చేర్చబడినది.

సేవ విస్తరించిన కొలదియు ప్రజల సందేహములును విస్తరించినవి. మధుమేహము గల తల్లిని మాటిమాటికి పట్టణమునకు తీసికొని పోవుటకు మారుగా ఫోనులోనే వైద్యునికి చూపిన చాలునా? గుండె బలహీనపడినవారికి ఈ పద్ధతి మేలు చేయునా? ఫోనుమీద మాటలాడి వ్రాసియిచ్చిన మందుచీటీ చెల్లునా? ఇట్టి ప్రశ్నలు కలిగినవారు నేడు చేతిలోని ఫోనును తెరచి గూగుల్‌ను అడుగుచున్నారు. అది సహజమే. కాని యీ ప్రశ్నలన్నియు ఒక జాతికి చెందినవి కావు. కొన్నిటికి గూగుల్ వంటి సెర్చ్ ఇంజను తగిన చోటు. మరికొన్నిటికి వైద్య గ్రంథాలయములవారు కూర్చిన సూచికలు, అనగా డేటాబేసులు, తగిన చోటు. ఈ భేదము తెలియనివారు వ్యాపార ప్రకటనను పరిశోధనా ఫలితమని భ్రమించు ప్రమాదము కలదు. ఆ భ్రమకు మూల్యము చెల్లించువాడు రోగి.

సెర్చ్ ఇంజను ఇంటర్నెట్‌లోని పుటలను యంత్రసహాయమున చదివి, వానిలోని మాటలను భద్రపరచుకొనును. మనము ఏదేని అడిగినప్పుడు ఆ మాటలు గల పుటలను ఒక వరుసలో చూపును. ఏ పుటకు ఇతర పుటలనుండి లంకెలు ఎక్కువగా నున్నవి, అడిగినవాడు ఏ ప్రాంతమువాడు మొదలగు అనేక విషయములను బట్టి ఆ వరుస ఏర్పడును. పుటలో వ్రాసినది సత్యమా యని వైద్యుడెవ్వడును పరీక్షించి ఆ వరుసను నిర్ణయించుట లేదు. పైభాగమున డబ్బు చెల్లించిన సంస్థల ప్రకటనలును ఉండవచ్చును. వానిపై చిన్న అక్షరములతో ఆ సంగతి సూచింపబడును గాని, ఆతురతలో నున్నవారు దానిని గమనింపరు. ఇటీవల యంత్రమే కూర్చిన సమాధానము కూడ పైన కనుపించుచున్నది. దాని భాష నునుపుగా నుండును. అంతమాత్రమున దానిని నమ్మరాదు. అది చూపిన మూలములను తెరచి చదువవలెను.

గ్రంథాలయ సూచిక పుట్టుక వేరు. అమెరికా సైన్యమున వైద్యుడును, గ్రంథాలయాధికారియు నైన జాన్ షా బిల్లింగ్స్ 1879లో ఇండెక్స్ మెడికస్ అను వైద్యవ్యాసముల పట్టికను అచ్చువేయించెను. ఆ సంప్రదాయమే 1964లో కంప్యూటరులోనికి ఎక్కి, 1971లో మెడ్‌లైన్ అయి, 1997లో పబ్‌మెడ్ అను పేర లోకమున కెల్ల ఉచితముగ అందుబాటులోనికి వచ్చినది. నేడు దానిలో మూడున్నర కోట్లకు మించిన వ్యాసముల వివరములు కలవు. వ్యాసము పేరు, రచయితలు, పత్రిక, సంవత్సరము, అనేక వ్యాసములకు సారాంశము అచ్చట చూడవచ్చును. తరువాతి కాలమున తప్పని తేలి ఉపసంహరింపబడిన వ్యాసములకు ఆ విషయమును తెలుపు గుర్తు కూడ ఉండును. ఈ ఒక్క సౌకర్యము కొరకైనను సూచికను చూడదగును.

సూచికకు గల ముఖ్యమైన బలము విషయ శీర్షికలు. ఒకే కాయను ఒక సీమలో ఆనపకాయ యనియు, వేరొక సీమలో సొరకాయ యనియు అందురు గదా! అట్లే దూరవైద్యమును ఒకరు టెలిమెడిసిన్ అని, ఒకరు టెలిహెల్త్ అని, మరియొకరు ఈ-హెల్త్ అని, ఎమ్-హెల్త్ అని వ్రాయుదురు. ఈ పేర్లన్నిటిని ఒక్క గూటికి చేర్చుటకై మెడ్‌లైన్‌లో టెలిమెడిసిన్ అను శీర్షిక 1993లో ఏర్పడినది. ఆ శీర్షికతో వెదకినచో రచయిత ఏ పేరు వాడినను వ్యాసము చిక్కును. పూర్వము శిక్షణ పొందినవారు ప్రతి వ్యాసమును చదివి శీర్షికలు పెట్టెడివారు. 2022 నుండి ఈ పనిని యంత్రము చేయుచుండగా మనుష్యులు సరిచూచుచున్నారు. కావున ఎక్కడో ఒక పొరపాటు ఉండవచ్చును. టెలిమెడిసిన్ శీర్షికకు మధుమేహము, భారతదేశము అను శీర్షికలను జోడించి, అనేక పరిశోధనలను కలిపి తూచిన సమీక్షలు మాత్రమే కావలెనని కోరినచో, వేలకొలది వ్యాసములు కొద్దిపాటి సంఖ్యకు దిగివచ్చును.

ఇట్లు వెదకుటవలన కలుగు లాభము ఒక ఉదాహరణమువలన తెలియును. కోక్రేన్ అను సమీక్షల సంస్థ 2015లో దూరవైద్యమును గూర్చి ఒక సమీక్షను ప్రకటించెను. అందు 93 పరీక్షలు, 22 వేల మందికి పైగా వ్యక్తుల ఫలితములు పరిశీలింపబడినవి. గుండె బలహీనత గలవారిలో దూరవైద్యము పొందినవారికిని, మామూలు చికిత్స పొందినవారికిని మరణముల విషయమున భేదము కనబడలేదు. ఆసుపత్రిలో చేరవలసి వచ్చుట కొన్ని పరీక్షలలో 64 శాతము వరకు తగ్గినది, కొన్నిటిలో 60 శాతము వరకు పెరిగినది. మధుమేహ రోగులలో మాత్రము రక్తములోని చక్కెర అదుపు కొంత మెరుగైనది. మొదట అడిగిన తల్లి ప్రశ్నకును, గుండె ప్రశ్నకును సమాధానము ఒక్కటి కాదని దీనివలన స్పష్టమగుచున్నది. దూరవైద్యము ప్రాణములను నిలుపునని గాని, పనికిరాదని గాని ఒక్క మాటలో తేల్చు పుటలు సెర్చ్ ఇంజనులో ఎన్నియో దొరకును. ఈ తారతమ్యము వానిలో దొరకుట అరుదు. అయితే ఆ పరీక్షలు ఏ దేశములో, ఎట్టి రోగులపై జరిగినవో చూచిన పిమ్మటనే మన ఊరికి అన్వయించుకొనవలెను.

ఇక మందుచీటీ ప్రశ్నకు పబ్‌మెడ్ తగిన చోటు కాదు. అది శాసన సంబంధమైనది. 2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య మార్గదర్శకములు ఏ మందులను వ్రాయవచ్చునో, ఏవి వ్రాయరాదో చెప్పినవి. మాదక ద్రవ్యములను, మందుల చట్టములోని ఎక్స్ షెడ్యూలుకు చెందినవానిని ఈ పద్ధతిలో వ్రాయరాదు. ఈ మూలపత్రమును సెర్చ్ ఇంజను క్షణములో చూపగలదు. అడుగు మాటలకు ప్రభుత్వ చిరునామాను జోడించినచో ప్రకటనల బెడద తగ్గును.

కాని అచ్చట తేదీని తప్పక చూడవలెను. జాతీయ వైద్య కమిషను 2023 ఆగస్టు 2న వైద్యుల ప్రవర్తనకు కొత్త నిబంధనలను ప్రకటించెను. దూరవైద్యమును గూర్చిన భాగము వానిలో కూడ కలదు. అదే నెల 23న ఆ నిబంధనలు నిలిపివేయబడినవి. మూడు వారముల నడుమ వెలువడిన వార్తలును, వ్యాఖ్యానములును ఇంటర్నెట్‌లో చెక్కుచెదరక నిలిచి యుండును. వానినే చదివి ఊరకున్నవాడు, నిలిచిపోయిన నిబంధనను అమలులో నున్నదిగా తలంచును. ఉత్తరువును చదివినవారు దాని తరువాతి ఉత్తరువు కొరకు కూడ వెదకుట అవసరము.

ఈ రెంటికిని నడుమ గూగుల్ స్కాలర్ 2004లో వచ్చినది. పబ్‌మెడ్‌లో చేరని పత్రికలు, విశ్వవిద్యాలయముల సిద్ధాంత వ్యాసములు అందు కనుపించును. విషయ శీర్షికలు మాత్రము లేవు. ఇతరులు ఎక్కువగా ఉదహరించిన పాత వ్యాసములు ముందునకు వచ్చుట కద్దు గనుక, సంవత్సరమును నిర్ణయించి అడుగుట మేలు.

సూచికలు ఇంగ్లీషున నుండుట తెలుగువారికి గల నిజమైన ఇబ్బంది. తెలుగున అడిగినచో సెర్చ్ ఇంజను ఏదో యొకటి చూపును. పబ్‌మెడ్ ఏమియు చూపకపోవచ్చును. దగ్గరలో వైద్య కళాశాల గలవారు అచ్చటి గ్రంథాలయాధికారిని అడిగి చూడవచ్చును. చదువుకొన్న బిడ్డలు ఇంట నున్నచో వారు ఈ పని నేర్చుకొనుట కష్టము కాదు. ఏది దొరకినను దానినిబట్టి మందు మార్చుట గాని, మానుట గాని చేయక, వైద్యునికి చూపవలెను. పబ్‌మెడ్‌లోని ప్రతి వ్యాసమునకు ఒక సంఖ్య గలదు. దానిని కాగితముమీద వ్రాసికొని పోయినచో చాలును. వైద్యుడు ఆ సంఖ్యను కొట్టిన మీరు చదివిన వ్యాసమే అతనికిని కనుపించును. గూగుల్‌లో మీకు మొదట వచ్చిన పుట అతనికి పదియవదిగా రావచ్చును, లేదా రాకయే పోవచ్చును.