చలాను పడినంత మాత్రాన పరిహారపు హక్కు పోదు

కదిరి ప్రాంతం నుంచి బెంగళూరుకు వచ్చి స్థిరపడిన ఒక తాపీమేస్త్రి ఉదయం ద్విచక్ర వాహనంపై పనికి బయలుదేరాడనుకోండి. పక్కవీధి నుంచి వేగంగా దూసుకువచ్చిన కారు ఢీకొని అతని కాలి ఎముక విరిగింది. ఆ సమయంలో అతని తలపై హెల్మెట్ లేదు. ఆసుపత్రి నుంచి ఇల్లు చేరేసరికి హెల్మెట్ లేనందుకు చలాను వచ్చి ఉంది. కారు యజమాని తరఫువారు వచ్చి, “తప్పు నీది కూడానని పోలీసులే తేల్చారు. ఖర్చులకు ఈ పదివేలు ఉంచుకొని సంతకం చెయ్యి” అంటారు. కాగితం కన్నడంలో ఉంది. అక్షరాలు తెలుగు అక్షరాలను పోలినట్టే కనిపించినా అందులోని భావం మేస్త్రికి పట్టుబడదు.

ఇటువంటి సందర్భంలో చాలామంది చలానును తీర్పుగా భావించి సంతకం చేస్తారు. చలాను తీర్పు కాదు. రవాణా నిబంధనను ఉల్లంఘించారన్న ఆరోపణకు, ప్రమాదానికి కారకులెవరన్న ప్రశ్నకు మధ్య చట్టం స్పష్టమైన గీత గీసింది. మొదటిది జరిమానాతో ముగుస్తుంది. రెండవదానిని మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునల్ సాక్ష్యాధారాలను బట్టి విడిగా నిర్ణయిస్తుంది.

ట్రైబ్యునల్ ప్రధానంగా పరిశీలించేది ఒక్కటే: ఆ ఉల్లంఘన వల్లనే ప్రమాదం జరిగిందా, లేదా గాయం తీవ్రమైందా? డ్రైవింగ్ లైసెన్సు లేకపోవడం దానంతట అదే బాధితుని నిర్లక్ష్యం కాజాలదని సుప్రీంకోర్టు 2008లోను, 2018లోను చెప్పింది. ఒకే మోటారు సైకిలుపై ముగ్గురు ప్రయాణించిన మరొక కేసులో, ఆ కారణంగా హైకోర్టు పరిహారంలో 10 శాతం తగ్గించింది. ముగ్గురు ఎక్కడానికి, ప్రమాదానికి సంబంధం రుజువు కాలేదంటూ సుప్రీంకోర్టు 2020లో ఆ కోతను తొలగించింది. హెల్మెట్ విషయంలోనూ ఇదే తర్కం వర్తిస్తుంది. తలకు గాయమైతే అది చర్చకు వస్తుంది. కాలు విరిగినవాని విషయంలో హెల్మెట్ ప్రస్తావనకు బలం ఉండదు.

అయితే అన్ని చలానులూ ఒకటి కావు. ఎర్రదీపం దాటడం, ఎదురుదారిలో నడపడం, మద్యం సేవించి నడపడం వంటివి ప్రమాదానికి నేరుగా కారణం కాగలవు. అప్పుడు కూడా హక్కు మొత్తంగా పోదు. ఇరువైపులా నిర్లక్ష్యం ఉంటే ట్రైబ్యునల్ ఎవరి పాలు ఎంతో నిర్ణయిస్తుంది. నష్టం 6 లక్షల రూపాయలుగా తేలి, బాధితుని పాలు 25 శాతమైతే, అతనికి 4.5 లక్షలు అందుతాయి. వెనుక సీటులో కూర్చున్న వ్యక్తికి ఈ కోత వర్తించదు. నడిపినవారి తప్పును ఆ వ్యక్తిపై మోపరాదు.

చలాను కంటే జాగ్రత్తగా చూడవలసినది పోలీసు కేసు. నిర్లక్ష్యంగా వాహనం నడిపారంటూ పోలీసులు బాధితునిపైనే అభియోగపత్రం దాఖలు చేస్తే, బీమా సంస్థ దానినే ప్రధాన ఆధారంగా చూపుతుంది. త్వరగా బయటపడవచ్చునన్న ఆశతో న్యాయస్థానంలో నేరం ఒప్పుకొంటే, ఆ ఒప్పుకోలు పరిహారపు విచారణలోనూ అతనికి ఎదురుగా నిలుస్తుంది. కనుక న్యాయవాదిని సంప్రదించకుండా నేరాంగీకారం చేయరాదు. అభియోగపత్రం ఉన్నప్పటికీ, ట్రైబ్యునల్ ముందు ప్రత్యక్ష సాక్షులు, సీసీటీవీ దృశ్యాలు, ఘటనాస్థలపు మహజరు, పటముల ద్వారా వాస్తవాన్ని నిరూపించవచ్చును. ఇక్కడ కావలసినది నేరవిచారణలో వలె సందేహాతీతమైన రుజువు కాదు. ఏది ఎక్కువగా జరిగి ఉండవచ్చునన్నదే కొలమానం.

ప్రమాదం పూర్తిగా తన తప్పువల్లనే జరిగిందని తేలితే ఎదుటి వాహనపు బీమా నుంచి ఈ విధంగా పరిహారం రాదు. అప్పుడు తన వాహనపు పాలసీలో యజమాని-చోదకునికి ఉండే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమాను పరిశీలించుకోవలెను. మరణానికి, శాశ్వత వైకల్యానికి అది వర్తిస్తుంది.

పరిహారపు దరఖాస్తును ప్రమాదం జరిగిన ప్రాంతపు ట్రైబ్యునల్‌లోనే వేయవలసిన అవసరం లేదు. బాధితుడు నివసించే చోట, లేదా వృత్తి చేసుకునే చోట కూడా వేయవచ్చును. సొంతూరికి వెళ్తుండగా దారిలో ప్రమాదానికి గురైన వలసకుటుంబాలకు ఇది ఎంతో ఉపయోగకరం. బెంగళూరు నగరంలో స్మాల్ కాజెస్ న్యాయస్థానపు న్యాయమూర్తులే ఈ దరఖాస్తులను విచారిస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం నాటి నుంచి 6 నెలలలోగా దరఖాస్తు చేయవలెను. ఆ గడువు దాటినా, న్యాయసలహా తీసుకోకుండా ఆశ వదులుకోరాదు. అదే తేదీ నుంచి వచ్చిన నియమాల ప్రకారం పోలీసులు 48 గంటలలో ప్రాథమిక ప్రమాద నివేదికను, 90 రోజులలో సమగ్ర నివేదికను ట్రైబ్యునల్‌కు పంపవలెను.

ఎముక విరగడం వంటి తీవ్ర గాయానికి, ఎవరి తప్పో నిరూపించనవసరం లేకుండా 2.5 లక్షల రూపాయలు పొందే మార్గం కూడా చట్టంలో ఉంది. దానిని స్వీకరిస్తే ట్రైబ్యునల్‌లోని దరఖాస్తు రద్దవుతుంది. నష్టం అంతకంటే ఎక్కువగా ఉన్నవారు తొందరపడరాదు.

నష్టాన్ని లెక్కించేటప్పుడు వృత్తి ముఖ్యం. కాలు వంగకపోవడం వల్ల గుమాస్తాకు కలిగే నష్టం వేరు, సారువ ఎక్కవలసిన మేస్త్రికి కలిగే నష్టం వేరు. జీతపు చీటీ లేనివారు కంట్రాక్టరు వాంగ్మూలం, కూలి లెక్కల పుస్తకం, బ్యాంకు ఖాతా వివరాలు చూపవచ్చును. ఎఫ్‌ఐఆర్ ప్రతి, గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి పత్రం, మందుల బిల్లులు, వైకల్య ధ్రువపత్రం, ఇరు వాహనాల బీమా వివరాలు ఒకే సంచిలో భద్రపరచుకోవలెను. పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదును చదివి వినిపించమని కోరడం, దాని ప్రతిని ఉచితంగా పొందడం ఫిర్యాదుదారుని హక్కు.

న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవా ప్రాధికారసంస్థను ఆశ్రయించవచ్చును. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత సహాయం లభిస్తుంది. జాతీయ సహాయవాణి సంఖ్య 15100.

ఆ మేస్త్రి చేయవలసినది ఇంతే: జరిమానా సంగతి జరిమానాగా చూసుకోవడం, చదవలేని కాగితంపై సంతకం చేయకపోవడం, ఆరు నెలలు గడవకముందే న్యాయసహాయ కార్యాలయపు గడప తొక్కడం. హెల్మెట్ పెట్టుకోకపోవడం పొరపాటే. విరిగిన కాలికి రావలసిన పరిహారాన్ని ఆ పొరపాటుకు మూల్యంగా చెల్లించమని మాత్రం చట్టం అడగలేదు.