మాచా టీ పొడి రంగు మారిపోతోందా? డబ్బా మూత తీశాక ఈ జాగ్రత్తలు తప్పనిసరి..

వందలకు వందలు పోసి కొన్న మాచా పొడి నెల తిరిగేసరికి పచ్చదనం పోయి, ఎండుగడ్డి వాసన కొడుతోందా? తప్పు పొడిది కాకపోవచ్చు. మనం దాచే తీరులోనే పొరపాటు ఉండొచ్చు.

మాచా అంటే జపాన్‌ గ్రీన్ టీ పొడి. క్యోటో దగ్గరి ఉజి, ఐచి ప్రాంతంలోని నిషియో దీనికి పేరుపొందిన ఊళ్లు. కోతకు సుమారు మూడు వారాల ముందే తేయాకు తోటకు ఎండ తగలకుండా పందిరి వేస్తారు. దాంతో ఆకులో క్లోరోఫిల్ పెరుగుతుంది. ఆ ఆకును ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసేసి తిరగలిలో విసురుతారు. రాతి తిరగలి గంటసేపు తిరిగినా వచ్చేది దాదాపు 40 గ్రాములే. పొడి అంత మెత్తగా ఉంటుంది కాబట్టే గాలి ఎక్కువగా తగిలి, ఆకు టీ కంటే త్వరగా పాడవుతుంది.

గాలి, వెలుతురు, వేడి, తేమ.. ఈ నాలుగూ మాచాకు శత్రువులే. అందుకే గాజు సీసాలో పోసి స్టవ్ పక్కన అలమరాలో పెట్టొద్దు. వెలుతురు చొరబడని, మూత బిగుతుగా ఉండే డబ్బా వాడాలి.

ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అంటే.. పెట్టొచ్చు. కానీ మాచా పక్కనున్న వాసనలను ఇట్టే పీల్చేస్తుంది. అల్లం వెల్లుల్లి పేస్ట్, ఇంగువ పక్కన ఉంచితే ఇక అంతే సంగతులు! డబ్బాను జిప్ కవర్‌లో పెట్టి దూరంగా ఉంచండి. చాలామంది చేసే అసలు తప్పు మరొకటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తెరిచేస్తారు. చల్లటి పొడికి గది గాలి తగిలి తేమ పడుతుంది, ఉండలు కడుతుంది. చల్లదనం పూర్తిగా పోయాకే మూత తీయాలి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల వాళ్లు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. తడి చెంచా పెట్టకూడదు. పొగలు కక్కే కప్పు మీద డబ్బా వంచకూడదు.

తెరిచాక నెల, రెండు నెలల్లో వాడేయడం మంచిది. కప్పుకు 2 గ్రాముల చొప్పున 30 గ్రాముల డబ్బా 15 కప్పులకు సరిపోతుంది. రోజూ తాగనివాళ్లు చిన్న డబ్బా కొనుక్కోవడమే లాభం.

రంగు కాస్త తగ్గితే పారేయక్కర్లేదు. లస్సీలోనో, కేక్‌లోనో కలిపేయొచ్చు. అదే ముక్క వాసన వచ్చినా, బూజు కనిపించినా మాత్రం మొహమాటపడకుండా పడేయండి.