వాచ్ చెప్పిన 1500 మీటర్లు

ట్రయథ్లాన్‌కి పేరిచ్చేశా: 1500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. ఈత అయితే వచ్చేసిందని వాచ్ చూసి మురిసిపోయా. తీరా చూస్తే పూల్ లెంగ్త్ సెట్టింగ్ 50 మీటర్లు. అది పాత పూల్‌ది. ఇప్పుడు వెళ్తున్న అపార్ట్‌మెంట్ పూల్ 25 మీటర్లే! అంటే నేను ఈదింది 750.

నీళ్లలో మునిగిన వాచ్‌కి జీపీఎస్ సరిగా అందదు. అందుకే పూల్ మోడ్‌లో మన చేతి కదలికల్ని బట్టి ఎన్నిసార్లు వెనక్కి తిరిగామో లెక్కపెట్టి, మనమిచ్చిన పొడవుతో గుణిస్తుంది. పూల్ మారితే ముందు ఆ సెట్టింగ్ మార్చండి బాబూ.

సైకిల్ మీద ఇంకో గోల. హ్యాండిల్ కుదుపులకి మణికట్టు సెన్సర్ తడబడుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆయాసంతో చస్తుంటే హార్ట్ రేట్ 95 అంటోంది! చివరికి ఛాతీ స్ట్రాప్ కొన్నా.

రేసుకి నాలుగు వారాలే ఉంది. ఇప్పుడు లెంగ్త్‌లు నేనే లెక్కపెడుతున్నా. 60 కావాలి, నిన్న 44 దగ్గర ఆగిపోయా.