తోడేలు ఖర్చు ఎవరి ఖాతాలో?

తోడేళ్లు తిని వదిలేసిన ఎల్క్ కళేబరం దగ్గర శాస్త్రవేత్తలు వెతికేవాటిలో ముఖ్యమైనది తొడ ఎముక. ఎల్క్ అంటే మన కణుజును పోలిన పెద్ద జింక. ఎముకను పగలగొట్టి లోపలి మూలుగ చూస్తారు. తెల్లగా, గట్టిగా, కొవ్వు పట్టి ఉంటే చచ్చేనాటికి ఆ జంతువు తిండికి లోటు లేకుండా ఉందని అర్థం. ఎర్రగా, జావలా ఉంటే ఆకలి దాన్ని అప్పటికే సగం చంపేసిందని లెక్క. పళ్ల అరుగుదలను బట్టి వయసు పట్టేస్తారు. తోడేలు ముసలిదాన్ని ఎంచుకుందా, నీరసించినదాన్నా, నిక్షేపంగా ఉన్నదాన్నా అన్నది అలా తేలుతుంది.

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు చలికాలంలో వచ్చే కాలేజీ పిల్లలు నేర్చుకునే సంగతుల్లో ఇదొకటి. మనిషికీ జంతువుకీ, మనిషికీ అడవికీ ఉన్న సంబంధమే సబ్జెక్టుగా, విద్యార్థుల్ని క్యాంపస్ దాటించి తీసుకెళ్లే కోర్సులు అక్కడి కాలేజీల్లో చాలా ఉన్నాయి. ‘స్టడీ అవే’ అంటారు. కొన్ని జనవరిలో మూడు నాలుగు వారాలు, కొన్ని సెమిస్టర్ పొడవునా సాగుతాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని విట్‌మన్ కాలేజీ 2002 నుంచి ‘సెమిస్టర్ ఇన్ ద వెస్ట్’ నడుపుతోంది. మొదలుపెట్టింది జంతుశాస్త్రం మాస్టారు కాదు, రాజనీతిశాస్త్రం చెప్పే ఫిల్ బ్రిక్. ఏడాది విడిచి ఏడాది సుమారు ఇరవై మంది బయల్దేరి, గుడారాలు వేసుకుంటూ పశ్చిమ రాష్ట్రాలు తిరుగుతారు. దారిలో పశువుల రైతులు, అటవీ అధికారులు, ఆదివాసీ తెగల పెద్దలు, పర్యావరణ ఉద్యమకారులు పాఠం చెబుతారు. ఒకరు చెప్పినదాన్ని మరునాడు ఇంకొకరు కొట్టిపారేస్తారు. అసలు చదువు అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

క్యాంపస్ ప్లేస్‌మెంట్ల లెక్కల్లో మునిగిన మన ఇళ్లలో ఈ మాట చెబితే ‘విహారయాత్రకు మార్కులేస్తారా?’ అంటారు. ఆ అనుమానం పూర్తిగా తప్పేం కాదు. జంతువును దూరం నుంచి చూసి, మురిసిపోయి, ఫొటోలతో తిరిగొచ్చే కోర్సు విహారమే. ఆ జంతువు పొరుగున బతికేవాడి ఎదుట పిల్లల్ని కూర్చోబెట్టి, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో లెక్క తీయిస్తే అప్పుడది చదువు.

ఎల్లోస్టోన్‌లో ఆ లెక్క పాతదే. 1872లో పార్కు ఏర్పడింది. అప్పటికి వేల ఏళ్లుగా అక్కడ వేటాడుతూ, తిరుగుతూ బతికిన తెగల్ని పక్కకు నెట్టారు. తర్వాత తోడేళ్ల వంతు. వాటిని తుడిచిపెట్టింది దొంగచాటు వేటగాళ్లే కాదు, జీతం తీసుకునే పార్కు రేంజర్లు కూడా. 1926 నాటికి పని పూర్తయింది. ఇక్కడొక తమాషా ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే పార్కులోని లామార్ లోయలో, ప్రభుత్వం ఇంకో జంతువుకు ఎండుగడ్డి వేసి మరీ పెంచుతోంది. బైసన్ అనే అడవిదున్నలు ఒకప్పుడు అమెరికా మైదానాల్లో కోట్లలో ఉండేవి. ఎల్లోస్టోన్‌లో 1902 నాటికి రెండు డజన్లకు మించి మిగల్లేదు. వాటిని కాపాడటానికి 1907లో లామార్‌లో దొడ్డి కట్టారు. ఇప్పుడు పార్కుకు వచ్చే క్లాసులు బస చేసే చోట్లలో ఆ పాత దొడ్డి ఒకటి.

తోడేళ్లు మళ్లీ వచ్చింది 1995లో. కెనడాలోని అల్బర్టా నుంచి 14, మరుసటి ఏడాది బ్రిటిష్ కొలంబియా నుంచి 17. టూరిస్టులు బారులు తీరారు. రోడ్డు వారన టెలిస్కోపులు వెలిశాయి. తోడేలుకు వంద గజాల లోపలికి వెళ్లకూడదని రూలు, బైసన్‌కైతే పాతిక గజాలు. పార్కు బయట ఆవుల్ని మేపుకునే రైతుకు మాత్రం ఆ దూరం పాటించే వెసులుబాటు లేదు, తోడేలే అతని దగ్గరికి వస్తుంది.

పరిహారం లేదని కాదు. ‘డిఫెండర్స్ ఆఫ్ వైల్డ్‌లైఫ్’ అనే సంస్థ తోడేళ్లు రాకముందే, 1987లోనే, సొంత డబ్బుతో చెల్లింపులు మొదలుపెట్టింది. తర్వాత రాష్ట్రాలూ దిగాయి. చిక్కల్లా ఋజువు దగ్గర వస్తుంది. కొండమీద మేతకు తోలిన దూడ మాయమైతే, దాని ఒళ్లు దొరకాలి, కుళ్లకముందే దొరకాలి, పంటి గాటు కింద నెత్తురు గడ్డకట్టిందో లేదో చూసి అధికారి ఔననాలి. చచ్చాక తిన్న దూడకూ, చంపి తిన్న దూడకూ తేడా ఆ గడ్డకట్టిన నెత్తురే. దొరకని దూడలూ ఉంటాయని ఒప్పుకున్న వయోమింగ్ రాష్ట్రం, ఒకటి ఋజువైతే కొన్ని రెట్లు కట్టే పద్ధతి పెట్టింది. తోడేలు భయంతో మేత మాని బక్కచిక్కిన పశువుకు మాత్రం విలువ కట్టడం కష్టం.

అవతలివైపు దుఃఖం కూడా అబద్ధం కాదు. లామార్ లోయలో ‘ఓ-సిక్స్’ అని పిలుచుకున్న ఆడ తోడేలు వేలమందికి తెలుసు. 2012 డిసెంబరులో అది పార్కు సరిహద్దు దాటింది. వయోమింగ్‌లో వేట సీజను నడుస్తోంది, చట్టప్రకారమే కాల్చారు. న్యూయార్క్ టైమ్స్‌లో వార్తయింది. గీతకు ఇటు కోట్ల డాలర్ల టూరిజం, అటు వేట లైసెన్సు. తోడేలుకు గీత సంగతి తెలియదు.

శాస్త్రంలోనూ తగాదాలున్నాయి. తోడేళ్లొచ్చి ఎల్క్‌లను తగ్గించాయి, దాంతో విల్లో మొక్కలు ఎదిగాయి, నదులే దారి మార్చుకున్నాయి అన్న కథ ఇంటర్నెట్‌లో ఊరూరా తిరిగింది. చాలా ముద్దుగా ఉంటుంది. కొలరాడో పరిశోధకులు ఇరవై ఏళ్లకు పైగా మొక్కలు కొలిచి, వ్యవహారం అంత సులువుగా లేదన్నారు. బీవర్లు ఆనకట్టలు కట్టని వాగుల్లో నీటిమట్టం కిందికి పోయింది, తోడేళ్లున్నా విల్లోలు పెద్దగా కోలుకోలేదు. ఎల్క్‌లు తగ్గడానికీ ఎలుగులు, ప్యూమాలు, వేట, కరవు తలా ఓ చెయ్యి వేశాయి. మంచి టీచరైతే ముందు ఆ ముద్దు కథ చెప్పనిచ్చి, తర్వాత ఈ కొలతలు బల్లమీద పెడతారు.

ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న లెక్కకొస్తే మన చిత్తూరు జిల్లా ఏనుగులది కూడా ఈ బాపతే. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. 2025లో కర్ణాటక మనకు కుంకీలను, అంటే శిక్షణ పొందిన ఏనుగులను, ఇచ్చినప్పుడు టీవీల నిండా అవే. టమాటా తోట, చెరకు మడి పోయిన రైతు అంతగా కనపడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేశారు. సర్వే ఫారాలు నింపి సంతకం పెట్టించుకోవడంతో సరిపెట్టేవాళ్లూ ఉండొచ్చు. అదే పలమనేరు, కుప్పం వైపు కాలేజీల పిల్లలు నాలుగు పల్లెలు పంచుకుని, ఏనుగు తొక్కిన మడికి పరిహారం అడగాలంటే ఏ కాగితం ఎవరికివ్వాలి, ఫొటో ఎప్పుడు తీయాలి, డబ్బు ఎన్నాళ్లకొచ్చింది, చెరకు వదిలేసి ఇంకో పైరుకు మారినవాళ్లెందరు అని రాసుకొస్తే? దానికి అమెరికా ఫీజులూ వీసాలూ అక్కర్లేదు. బస్సు పాసుతో అయిపోతుంది, వచ్చిన లెక్క అటవీ శాఖకూ పనికొస్తుంది.