ఫోనుకూ వడదెబ్బ

సెల్‌ఫోను కొనేటప్పుడు కెమెరా ఎంత, ధర ఎంత అని అడగనివారుండరు. ఎంత వేడిలో పనిచేస్తుందని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఐఫోను వివరాల్లో ‘0 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడవలెను’ అని కంపెనీవారే రాసిపెట్టారు. మన హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. మే నెలలో 40 అయితే మనకు మామూలే. ఆ లెక్కన మిట్టమధ్యాహ్నం నాంపల్లి స్టేషను బయట ఆటో కోసం నిలబడ్డ ప్రతివాడి ఫోనూ హద్దు మీరినట్టే!

ఆ 35 ఫోను వేడి కాదు, చుట్టూ ఉన్న గాలి వేడి. లోపలి సిలికాన్ చిప్పు అంతకు రెట్టింపు వేడినైనా ఓర్చుకుంటుంది. కానీ ఫోనుకు ఫ్యాను లేదు. లోపల పుట్టిన వేడి గాజులోంచి, అంచుల్లోంచి గాలిలోకే పోవాలి. గాలి 25 డిగ్రీలుంటే చకచకా పోతుంది. 42 ఉంటే అంత త్వరగా పోదు, లోపలే పేరుకుంటుంది. ముందు దెబ్బతినేది బ్యాటరీ. లిథియం-అయాన్ బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటాక ఛార్జి చేయరాదు. చేస్తే త్వరగా ముసలిదవుతుంది, లోపల గ్యాసు పుట్టి ఉబ్బుతుంది కూడా. అందుకే ఫోను తనంతట తానే వెలుగు తగ్గించి, ఛార్జింగు ఆపి, చివరికి ఆరిపోతుంది.

ఇంకొకటి చూడండి. వాతావరణ శాఖవారు 42 అన్నారంటే అది నీడలో, తెల్లరంగు వేసిన గాలాడే కొయ్యపెట్టెలో కొలిచినది. ఆబిడ్స్ సిగ్నలు దగ్గర ఎర్రటెండలో, బండి హ్యాండిలుకు బిగించిన నల్లగాజు ఫోను సంగతి వేరే చెప్పాలా? తిండి పొట్లాలు మోసే కుర్రాళ్లకు దారి చూపేది అదే, కూలి తెచ్చేదీ అదే. అది ఆరితే ఆ పూట గిరాకీ పోయినట్టే.

జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసే ఒకాయన నాతో అన్నాడు: “ఎండకాలం ఉబ్బిన బ్యాటరీలే ఎక్కువొస్తయ్ తమ్మీ. చల్లగైతదని ఫ్రిజ్‌ల పెట్టి తెచ్చేటోళ్లు గూడ ఉన్నరు!” ఫ్రిజ్‌లోంచి తీయగానే చల్లని ఫోను మీద గాలిలోని తేమ నీరై కూర్చుంటుంది. లోపల కూడా! దానికన్నా కవరు ఊడదీసి, నీడలో ఫ్యాను కింద పెట్టడం నయం.

మా ఊళ్లో ఈ సంగతి ఇంకా బరువైనది. మా నాయిన బావి మోటారుకు సెల్‌ఫోన్ స్టార్టరు పెట్టించాడు. ఇంట్లోంచి ఫోను కొడితే మోటారు నడుస్తుంది, చీకట్లో పాములూ తేళ్ల మధ్య పొలం పోయే బాధ తప్పింది. కాని అది ఉండేది ఎండలో, ఇనుప డబ్బాలో. దానిలోని ఎలక్ట్రొలిటిక్ కెపాసిటరు లోపలి ద్రవం వేడికి మెల్లగా ఇగిరిపోతుంది. ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగం తగ్గుతుందని ఇంజనీర్ల లెక్క. 105 డిగ్రీల్లో 2,000 గంటలు నిలిచేది 65లో 32,000 గంటలు, అంటే మూడున్నరేళ్లు దాటి వస్తుంది. 75లో అయితే రెండేళ్లు కూడా నిండవు. రైతుకు ఆ తేడా ఒక కొత్త స్టార్టరు ఖరీదు.

ఈ సెలవుల్లో డబ్బాను వేపచెట్టు నీడకు మార్చాం. “నేను కూసునే జాగ దానికిచ్చినవ్ గదరా” అన్నాడు నాయిన. గాలి కోసం అడుగున రంధ్రాలు చేసి, బల్లులు దూరకుండా జాలీ కొట్టాం.