చద్దన్నంలో ఇనుము పుట్టదు

రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి అందులోని ఇనుము ఇరవై రెట్లకు పైగా పెరుగుతుందన్న ప్రచారం కొన్నేళ్లుగా తెలుగు ఇళ్లలో పాతుకుపోయింది. వాట్సాప్ సందేశంలో అంకెలూ ఉంటాయి: 100 గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాముల ఇనుము, 12 గంటలు పులిశాక 73.91 మిల్లీగ్రాములు. అస్సాం వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధనలో తేలిందన్న మాట వెంటే వస్తుంది. ఆరోగ్య వీడియోలు, పత్రికల వంటింటి పేజీలు ఈ అంకెను దశాంశంతో సహా వల్లిస్తున్నాయి. ఐరన్ మాత్ర వేసుకుంటే వికారం, మలబద్ధకం అని బాధపడే గర్భిణికి ‘ఆ మాత్రలు మానెయ్, చద్దన్నం తిను, అదే చాలు’ అని ఇంట్లో పెద్దవాళ్లు ధైర్యంగా చెప్పడానికి ఈ అంకే ఆధారమవుతోంది. పులిసిన ఆహారం పేగులకు మేలు చేస్తుందన్న మాటలో నిజం ఉంది. ఈ ఇనుము కథలో మాత్రం లేదు.

ఇనుము మూలకం. దాన్ని ఏ సూక్ష్మజీవీ తయారు చేయలేదు. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పిండిపదార్థాన్ని ఆమ్లంగా మార్చగలదు, కొన్ని బి విటమిన్లను తయారు చేయగలదు, మాంసకృత్తులను ముక్కలు చేయగలదు. కుండలో సాయంత్రం ఎంత ఇనుము ఉందో పొద్దున కూడా అంతే ఉంటుంది. పెరిగిందంటే బయటి నుంచి వచ్చి చేరిందని అర్థం: పోసిన నీళ్ల నుంచో, గిన్నె నుంచో. ఇది పదో తరగతి రసాయన శాస్త్రం. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు.

మొదటి అంకె దగ్గరే లెక్క తప్పుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములు. అది బియ్యం లెక్క. అన్నంగా ఉడికాక బరువు రెండున్నర, మూడు రెట్లవుతుంది కాబట్టి 100 గ్రాముల అన్నంలో మిగిలేది పావు మిల్లీగ్రాముకు అటూ ఇటూ. ఒక మనిషి పొద్దున్నే 300 గ్రాముల చద్దన్నం తిన్నా ముప్పాతిక మిల్లీగ్రాము చుట్టుపక్కలే. గర్భం మొత్తానికి తల్లికీ బిడ్డకూ కలిపి సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. చివరి నెలల్లో రోజూ ఆరు మిల్లీగ్రాముల దాకా రక్తంలోకి చేరాలి. చద్దన్నంలో ఉన్న ఇనుమంతా, ఒక్క రవ్వ వృథా కాకుండా, ఒంటికి పట్టిందనుకున్నా అవసరంలో పదో వంతు చుట్టుపక్కలే తేలుతుంది. నిజానికి ధాన్యాల్లోని ఇనుములో ఒంటికి పట్టేది చాలా తక్కువ. 60 మిల్లీగ్రాముల ఇనుమున్న ఒక్క మాత్రలో పదో వంతు పట్టినా ఆరు మిల్లీగ్రాములు వస్తుంది.

ఆ 73.91 నిజమే అయి ఉంటే జరగాల్సింది ఇంకొకటి ఉంది. 300 గ్రాముల చద్దన్నంలో 220 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉండాలి. పెద్దవాళ్లకు రోజుకు 45 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి అని పోషకాహార నిపుణులు అంటారు. అలాంటప్పుడు తరతరాలుగా రోజూ చద్దన్నం తిని పొలానికి వెళ్లిన రైతులు, కూలీలు ఇనుము ఎక్కువై కాలేయ జబ్బులతో ఆసుపత్రుల పాలు కావాలి. అలా జరగలేదు. దక్షిణాఫ్రికాలో మాత్రం సరిగ్గా ఇదే జరిగింది. అక్కడి పల్లెల్లో ఇనుప పాత్రల్లో, డబ్బాల్లో జొన్న బీరు కాచి పులియబెట్టేవారు. పులుపుకు పాత్రలోని ఇనుము కరిగి లీటరుకు పదుల మిల్లీగ్రాములు బీరులో కలిసేది. ఏళ్ల తరబడి తాగినవాళ్ల కాలేయాల్లో ఇనుము పేరుకుపోయిందని 1929 నుంచే వైద్యులు నమోదు చేశారు. పులిసిన ఆహారంలో ఇనుము విపరీతంగా పెరిగిన ఈ తిరుగులేని ఉదాహరణలోనూ ఇనుమిచ్చింది పాత్రే, బ్యాక్టీరియా కాదు.

ప్రచారంలో ఒక చిన్న భాగం మాత్రం ఒప్పుకోక తప్పదు. పులియబెడితే ఇనుము పెరగకపోయినా, ఉన్న ఇనుము ఒంటికి పట్టే గుణం పెరుగుతుంది. ధాన్యం పై పొరల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది ఇనుమును, జింకును పట్టేసుకుని పేగు గోడ దాటనివ్వదు. పులిసేటప్పుడు కొంత ఫైటేట్ విరిగిపోతుంది, పుట్టిన లాక్టిక్ ఆమ్లం కూడా ఇనుము కరగడానికి తోడ్పడుతుంది. అయితే తవుడంతా తీసేసిన తెల్ల బియ్యంలో ఫైటేటూ తక్కువే, ఇనుమూ తక్కువే. విడిపించడానికి అక్కడ పెద్దగా సరుకు లేదు. ఈ లాభం నిజంగా కనిపించేది అంబలిలో. అవే పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 4.62, జొన్నల్లో 3.95, సజ్జల్లో 6.42 మిల్లీగ్రాముల ఇనుముంది. పిండిని రాత్రి నీళ్లలో కలిపి పులవనిచ్చి పొద్దున కాచిన అంబలి, పాలిష్ బియ్యపు చద్దన్నం కంటే ఇనుము విషయంలో ఎన్నో రెట్లు మేలు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ అంబలి తాగి పెరిగిన తరం ఇంకా ఉంది. ప్రచారమంతా తెల్లన్నం మీదికి వెళ్లి ఈ అంబలిని మరుగున పడేయడం బాధ కలిగించే విషయం.

అదే సందేశంలో ఇంకో ప్రమాదకరమైన వాక్యం ఉంటుంది: చద్దన్నంలో బి12 విటమిన్ దండిగా ఉంటుందని. బి12ను తయారు చేసేది కొన్ని రకాల సూక్ష్మజీవులు మాత్రమే. చద్దన్నాన్ని, ఇడ్లీ పిండిని పులియబెట్టే లాక్టిక్ బ్యాక్టీరియాలో చాలా వాటికి ఆ శక్తి లేదు. పెరుగులో బి12 ఉంటుంది, కానీ అది పాలలో ఉన్నదే. ఆవు, గేదె కడుపులోని సూక్ష్మజీవులు తయారు చేసి పాలలోకి పంపింది. తోడు వేసినందువల్ల పుట్టింది కాదు. శాకాహారులకు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులకు బి12 లోపం మామూలుగా కనిపిస్తుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు వస్తాయి. చద్దన్నంతో సరిపెట్టుకుని ఏళ్లు గడిపితే దెబ్బతిన్న నరాలు మళ్లీ కోలుకోకపోవచ్చు. రక్తపరీక్షలో తేలే లోపానికి మాత్రో ఇంజెక్షనో ఉంది.

షుగర్ తగ్గిపోతుందన్న మాట దీనికి తోబుట్టువు. వండి చల్లార్చిన అన్నంలో జీర్ణం కాని పిండిపదార్థం పెరుగుతుందన్నది నిజమే. 2015లో వెలువడిన ఒక ఇండోనేసియా అధ్యయనంలో వేడి అన్నంలో అది 100 గ్రాములకు 0.64 గ్రాములుంటే, 24 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి వేడి చేసిన అన్నంలో 1.65 గ్రాములు తేలింది. తిన్నవాళ్లలో గ్లూకోజు కూడా కాస్త తక్కువే పెరిగింది. కానీ 100 గ్రాముల అన్నంలో పిండిపదార్థం 25 గ్రాములకు పైమాటే. అందులో ఒక గ్రాము తగ్గినందుకు రెండో గిన్నె పెట్టుకోవచ్చనుకుంటే షుగర్ పెరుగుతుందే గానీ తగ్గదు.

ఇక పేగుల సంగతి. పులిసిన ఆహారంతో పేగులకు మేలన్న మాటకు ఉన్న గట్టి ఆధారాల్లో ఒకటి 2021లో ‘సెల్’ పత్రికలో వచ్చిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ అధ్యయనం. 36 మంది ఆరోగ్యవంతుల్లో సగం మంది పది వారాల పాటు పెరుగు, కెఫిర్, కిమ్చి, కొంబుచా లాంటివి రోజుకు సుమారు ఆరు వడ్డనల దాకా పెంచుకుంటూ తిన్నారు. వాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. ఇది మంచి ఫలితం. అయినా చిన్న అధ్యయనం. జబ్బు నయమైందని అందులో ఎక్కడా లేదు. తిన్న బ్యాక్టీరియా పేగుల్లో కాపురం పెడుతుందన్నది కూడా అపోహే. చాలా వరకు కొద్ది రోజుల్లో బయటికి పోతుంది, అందుకే మేలు కావాలంటే క్రమం తప్పకుండా తినాలి. 1900ల తొలి ఏళ్లలో బల్గేరియా పెరుగును దీర్ఘాయువుతో ముడిపెట్టిన నోబెల్ శాస్త్రవేత్త మెచ్నికాఫ్ కూడా ఇక్కడే పొరబడ్డాడు. ఆయన నమ్ముకున్న పెరుగు బ్యాక్టీరియా పేగుల్లో స్థిరపడేది కాదని తర్వాత తేలింది.

మిగతా నమ్మకాలకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఇడ్లీ, దోసెల్లో బతికున్న బ్యాక్టీరియా ఉండదు, ఆవిరికీ పెనానికీ చచ్చిపోతుంది. అయినా అవి తేలిగ్గా అరిగే మంచి తిండే. ఆవకాయ ప్రోబయోటిక్ కాదు. అంత ఉప్పు, కారం, ఆవపిండి, నూనె మధ్య బ్యాక్టీరియా పెద్దగా పెరగదు. బీపీ ఉన్నవాళ్లు పేగుల పేరు చెప్పి ఊరగాయ పెంచకూడదు. మజ్జిగపులుసులో, మరిగించిన పెరుగుకూరలో బతికి ఉండేదేమీ లేదు. పెరుగు తింటే జలుబు చేయదు, జలుబు చేసేది వైరస్. ఖరీదైన కొంబుచా సీసాలో ఉండి ఇంట్లో తోడు పెట్టిన పెరుగులో లేని మహత్యమేమీ రుజువు కాలేదు.

ప్రాణం మీదికి తెచ్చే అపోహ మరొకటి ఉంది: రాత్రి మిగిలిన అన్నం ఏదైనా సరే పొద్దున్నకి చద్దన్నమే అనుకోవడం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి, ఉడికినా చావవు. గిన్నెలో ఊరికే వదిలేసిన అన్నంలో అవి మొలిచి వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. చద్దన్నంలో రక్షణ ఇచ్చేది పులుపే. అందుకే అది త్వరగా ఎక్కాలి. వండిన అన్నం గోరువెచ్చబడగానే, గంటలు గంటలు ఆగకుండా, కాచి చల్లార్చిన నీళ్లు మునిగేదాకా పోసి రెండు చెంచాల తాజా మజ్జిగ కలపాలి. నీళ్ల బదులు గోరువెచ్చని పాలు పోసి తోడు పెడితే మరీ మంచిది. శుభ్రమైన మట్టి లేదా స్టీలు గిన్నెలో మూతపెట్టి, ఎనిమిది నుంచి పది గంటలకు తినేయాలి. వేసవిలో ఇంకా ముందే. బాగా కుదిరిన చద్దన్నానికి శుభ్రమైన పుల్లటి వాసన ఉంటుంది, మెతుకు విడిగా నిలుస్తుంది. వేలితో నొక్కితే జిగటగా తీగ సాగినా, వాసన తేడాగా ఉన్నా, పైన రంగు తేలినా పారబోయాలి. కడుక్కుని తినకూడదు. వాసన బాగున్నంత మాత్రాన విషం లేదని కాదు, కాబట్టి తోడు వేయకుండా రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని అసలు నమ్మకూడదు. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇద్దరిలో ఒకరికి పైగా ఈ లోపంతో ఉన్న చోట మాత్ర మాన్పించే సలహా మామూలు తప్పు కాదు. ప్రసవంలో రక్తం పోయినప్పుడు ముందుగా ప్రమాదంలో పడేది రక్తం తక్కువున్న తల్లే. మాత్ర పడకపోతే మానేయడం కాదు, రాత్రి పడుకునే ముందు వేసుకుని చూడాలి, లేదా డాక్టరుకు చెప్పి వేరే రకం రాయించుకోవాలి. మలం నల్లగా రావడం మామూలే, భయపడక్కర్లేదు. మాత్రను టీతోనో కాఫీతోనో వేసుకోకూడదు. పెరుగన్నం తిన్న వెంటనే కూడా వద్దు, పెరుగులోని కాల్షియం ఇనుమును పట్టనివ్వదు. కాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మకాయ నీళ్లతో, జామకాయతో, ఉసిరికాయతో అయితే బాగా పడుతుంది. చద్దన్నం తినాలని ఉంటే హాయిగా తినండి, మాత్ర మాత్రం ఇంకో పూటకు ఉంచుకోండి. గర్భిణులకు 180 రోజులు, ప్రసవమయ్యాక మరో 180 రోజులు ఇచ్చే ఎర్ర మాత్రలు, హిమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ వారమే పరీక్ష చేయించండి.